ఫీడింగ్ రూమ్ తాళం ఎవరి దగ్గర ఉంది?

[తెర మీద: బస్టాండులో ఒక తలుపు. పైన తల్లీబిడ్డ బొమ్మ ఉన్న బోర్డు. గడియకు తాళం.]

నమస్తే అండి. ఈ తాళంకప్ప నేను కళ్లారా చూసింది. ఏ బస్టాండో చెప్పను. ఇలాంటివి మీ ఊళ్లోనూ ఉండొచ్చు.

అప్పుడు మా పాపకు నాలుగో నెల. పుట్టింటి నుంచి హైదరాబాద్ తిరిగొస్తున్నాను, తోడు మా అమ్మ. బస్సు ఇంకా రాలేదు, పాపేమో గుక్కపట్టి ఏడుస్తోంది. బోర్డు చూసి పరుగున వెళ్తే తాళం వేసి ఉంది. అక్కడ ఊడుస్తున్న ఆమెను అడిగాను. "చెవి సార్ దగ్గర ఉంటదమ్మా. సార్ అన్నానికి పోయిండు" అంది. కిటికీ సందులోంచి లోపలికి చూశాను. రెండు చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, కాలు విరిగిన కుర్చీ, గోడకు ఆనించిన ఫ్లెక్సీల చుట్ట. బోర్డు మీద తల్లి మాత్రం హాయిగా నవ్వుతూ ఉంది.

చేసేది లేక సిమెంటు బెంచీ మీద గోడవైపు తిరిగి కూర్చున్నాను. అమ్మ టవల్ అడ్డం పట్టుకుంది. "తొందరగా కానివ్వవే, అందరూ ఇటే చూస్తున్నారు" అంటోంది. పాప నోరు పెడుతుంది, లాగుతుంది, వదిలేసి మళ్లీ ఏడుస్తుంది. పాలు రావడం లేదు. పొద్దున ఇంట్లో జాకెట్టు తడిసిపోయేంత పాలు, ఇక్కడ చుక్క లేదు.

[తెర మీద ఒకే మాట: చేపు]

చేపు అంటే లోపలున్న పాలు బయటికి దిగడం. ఈ మాట తెలిసినవాళ్లకు ఆ రోజు జరిగిందేమిటో వెంటనే అర్థమవుతుంది. మా అమ్మమ్మ గేదె పాలు పితికేటప్పుడు ముందు దూడను వదిలేది, పొదుగు నీళ్లతో తుడిచేది, తర్వాత కాసేపు ఆగేది. పాలు చేపుకు రావాలి కదా. ఆ సమయంలో కొత్తవాళ్లెవరైనా కొట్టంలోకి వస్తే కసురుకునేది: "అవతలికి పో, గేదె చేపదు!" చుట్టాలైనా సరే, బయటికి నడవాల్సిందే. గేదెకు ఇచ్చిన ఆ మర్యాద బస్టాండులో నాకు దొరకలేదు.

[తెర మీద: మెదడు నుంచి రొమ్ముకు వెళ్లే గీత, సాదా బొమ్మ]

మనుషుల్లోనూ జరిగేది ఇదే. పాలు తయారుచేసే హార్మోన్ ప్రొలాక్టిన్. తయారైన పాలను బయటికి నెట్టేది ఆక్సిటోసిన్. బిడ్డ చీకడం మొదలుపెట్టగానే కబురు మెదడుకు వెళ్తుంది, ఆక్సిటోసిన్ విడుదలవుతుంది, పాల తిత్తుల చుట్టూ ఉన్న సన్నటి కండరాలు బిగుసుకుంటాయి, పాలు వస్తాయి. కొందరికి బిడ్డ ఏడుపు వినిపిస్తే చాలు, చేపు వచ్చేస్తుంది. పక్కింటి బిడ్డ ఏడ్చినా బట్టలు తడుస్తాయి. టెన్షన్, భయం, సిగ్గు ఈ ఆక్సిటోసిన్‌ను అడ్డుకుంటాయి. పాలు లోపలే ఉంటాయి, బయటికి మాత్రం రావు. అంటే ఎవరో గుచ్చి చూసిన చూపు తల్లిని బాధపెట్టి ఊరుకోదు, బిడ్డ నోటిదాకా వచ్చిన పాలను ఆపుతుంది కూడా.

"ఇంటికెళ్లాక ఇవ్వొచ్చు కదా" అనేవాళ్లు ఉంటారు. పుట్టిన తొలి వారాల్లో బిడ్డకు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు కావాలి. ఒక్కోసారి పావుగంట, ఒక్కోసారి అరగంట. పిడికిలి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతుక్కోవడం ఆకలికి తొలి గుర్తులు. ఏడుపు వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఏడ్చి ఏడ్చి అలిసిన బిడ్డకు రొమ్ము అందించడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ఇటు తల్లికి రొమ్ములు రాయిలా గట్టిపడి సలుపుతాయి. పదేపదే అలా జరిగితే పాలు గడ్డకట్టి, వాచి, జ్వరం కూడా రావచ్చు. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, తర్వాత వేరే ఆహారంతో పాటు రెండేళ్లు, ఆ పైన కూడా ఇవ్వమంటోంది. మన దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగేవాళ్లు 63.7 శాతమని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఆరు నెలలు గడప దాటకుండా ఉండగలిగే తల్లి ఎక్కడుంది? టీకాలకు వెళ్లాలి, బ్యాంకుకు వెళ్లాలి, ఉద్యోగానికీ వెళ్లాలి.

[తెర మీద: 2018]

2018 నవంబరులో కోల్‌కతాలో ఒక తల్లి చంటిబిడ్డతో పేరున్న మాల్‌కు వెళ్లింది. పాలివ్వడానికి చోటు ఎక్కడని అడిగితే టాయిలెట్ చూపించారు. ఆమె ఆ సంగతి ఫేస్‌బుక్‌లో రాసింది. మాల్ పేజీ నుంచి వచ్చిన జవాబు సారాంశం ఇది: ఇంటి పనులు ఇంట్లో చూసుకుని రండి, బిడ్డకు ఏ క్షణంలో పడితే ఆ క్షణంలో పాలు అవసరం పడవు కదా. చంటిబిడ్డను ఒక్క రాత్రి పెంచినవాళ్లు రాసే మాటేనా ఇది? జనం మండిపడ్డారు, మాల్ క్షమాపణ చెప్పింది.

అదే ఏడాది మార్చిలో కేరళలో 'గృహలక్ష్మి' అనే మలయాళ పత్రిక ముఖచిత్రంగా బిడ్డకు పాలిస్తున్న మహిళ ఫోటో వేసింది. పక్కన రాసిన మాట తెలుగులో చెబితే: తదేకంగా చూడకండి, మేం పాలివ్వాలి. ఫోటోలో ఉన్నది నటి గిలు జోసెఫ్. ఆమెకు పెళ్లి కాలేదు, ఆ బిడ్డ ఆమె బిడ్డ కాదు. నిజమైన తల్లినే ఎందుకు వేయలేదన్న విమర్శ గట్టిగా వచ్చింది. అందులో సగం న్యాయం ఉందనే నాకూ అనిపిస్తుంది. పాలు లేని రొమ్ము పక్కన బిడ్డను పెట్టి తీసిన ఫోటోలో చేపు ఎక్కడి నుంచి వస్తుంది? అయితే ఆ ఫోటో మీద కొందరు చేసిన రచ్చ ఈ విమర్శ కాదు, అది అసభ్యమన్నారు. ఒకాయన ఏకంగా హైకోర్టుకు వెళ్లారు.

కేరళ హైకోర్టులో ఆ పిటిషన్ విన్న ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ దామా శేషాద్రి నాయుడు. రెండోవారు అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఆంటొనీ డొమినిక్. ఎంత ప్రయత్నించినా ఈ ఫోటోలో అశ్లీలం మాకు కనపడలేదు, రవివర్మ బొమ్మలను చూసే కళ్లతోనే దీన్నీ చూశాం అని చెప్పి పిటిషన్ కొట్టేశారు. "ఎంత ప్రయత్నించినా" అన్న ముక్క దగ్గర నేను నవ్వకుండా ఉండలేకపోయాను.

[తెర మీద: చట్టం ఏమంటోంది?]

బహిరంగంగా బిడ్డకు పాలివ్వకూడదని చెప్పే చట్టం మన దేశంలో లేదు. అసభ్య ప్రవర్తనకు శిక్ష వేసే సెక్షన్ ఉంది, కానీ పాలివ్వడం అసభ్యం కాదు. మరి పాలిచ్చే తల్లిని లేపేస్తే, బయటికి పొమ్మంటే, అలా అన్నవాళ్ల మీద నేరుగా కేసు పెట్టేందుకు ప్రత్యేక చట్టం ఉందా? అదీ లేదు. మనం ఉన్నది ఈ మధ్య జాగాలో.

ఈ జాగాను కొంచెం కొంచెంగా పూడుస్తున్నవి కోర్టులే. 2021లో కర్ణాటక హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. బెంగళూరు ఆస్పత్రి నుంచి ఎత్తుకుపోయిన పసిబిడ్డ, తెలియక పెంచుకున్న తల్లి, కన్నతల్లి. నీకు ఇద్దరు పిల్లలున్నారు, నాకెవరూ లేరు అని పెంపుడు తల్లి వాదన. దేవకి, యశోదల ప్రస్తావన కూడా వచ్చిందక్కడ. జస్టిస్ కృష్ణ ఎస్. దీక్షిత్ కన్నతల్లి వైపే నిలిచారు. పాలివ్వడం తల్లికి రాజ్యాంగం 21వ అధికరణ కింద ఉన్న, ఎవరూ లాక్కోలేని హక్కు అన్నారు. పాలు తాగే హక్కు బిడ్డది, ఆ రెండూ కలిసే ఉంటాయన్నారు.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ప్రసన్న బి. వరాలే. బహిరంగ స్థలాల్లో ఫీడింగ్ రూములు, శిశు సంరక్షణ గదులు కావాలని ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన పిటిషన్ అది. 2024 ఫిబ్రవరి 27న కేంద్రం రాష్ట్రాలకు పంపిన సూచనలను గుర్తుచేస్తూ మళ్లీ రాయమంది కోర్టు. కొత్తగా కట్టే ప్రభుత్వ భవనాల్లో ముందే చోటు వదలమంది. ఇంకో మాట కూడా అంది, వార్తల్లో అది అంతగా కనపడలేదు: బహిరంగ స్థలాల్లో, పనిచేసే చోట తల్లి పాలివ్వడాన్ని తప్పుగా చూడకూడదని పౌరులకే గుర్తుచేసింది.

గదుల విషయంలో తమిళనాడు ముందే కదిలింది. 2015 ఆగస్టులో, తల్లిపాల వారోత్సవాల రోజుల్లో, జయలలిత ప్రభుత్వం 352 బస్టాండుల్లో పాలిచ్చే గదులు తెరిచింది. తిరుమలలో ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం దారిన దర్శనానికి పంపే పద్ధతి ఏళ్లుగా ఉంది. గంటల కొద్దీ కంపార్టుమెంటులో చంటిబిడ్డతో కూర్చోబెట్టకుండా ముందుకు పంపేయడం, గది కట్టడం కన్నా తెలివైన పని అని నా అభిప్రాయం.

[తెర మీద: స్కాట్లాండ్ పటం, 2005]

ఇప్పుడు అసలు తేడా దగ్గరకొద్దాం. మన దగ్గర పోరాటం ఎక్కువగా 'గది ఇవ్వండి' అని. స్కాట్లాండ్ 2005లో ఇంకోలా ఆలోచించింది. రెండేళ్ల లోపు బిడ్డకు బహిరంగ స్థలంలో పాలిస్తుంటే అడ్డుకోవడమే నేరమంది. రొమ్ము పాలైనా సీసా పాలైనా ఒకటే. జరిమానా 2,500 పౌండ్ల దాకా. అక్కడ తల్లి లేచి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. అడ్డుచెప్పినవాడే జవాబు చెప్పుకోవాలి.

అమెరికాలో బహిరంగంగా పాలివ్వొచ్చనే చట్టం రాష్ట్రం తర్వాత రాష్ట్రంగా వచ్చింది. 1993లో ఫ్లోరిడా మొదలుపెడితే, 2018లో ఐడహో, యూటా చేరాక యాభై పూర్తయ్యాయి. మధ్యలో 2006 అక్టోబరులో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో విమానం ఎక్కిన ఒక తల్లిని, దుప్పటి కప్పుకోనందుకు దింపేశారు. తర్వాతి నెలలో చాలా విమానాశ్రయాల్లో తల్లులు టికెట్ కౌంటర్ల ముందు బారుగా కూర్చుని పిల్లలకు పాలిచ్చారు. నినాదం అవసరం లేని ధర్నా. అక్కడున్న మన తెలుగు అమ్మాయిలు, ముఖ్యంగా డల్లాస్, హ్యూస్టన్ వైపు వాళ్లు, ఒకటి గుర్తుపెట్టుకోండి: తల్లికి ఉండే అనుమతి ఉన్న ఏ చోటైనా బిడ్డకు పాలివ్వొచ్చని టెక్సాస్ చట్టం చెబుతోంది. గుడి హాల్లోనో, పుట్టినరోజు పార్టీలోనో "బెడ్‌రూమ్‌లోకి వెళ్లమ్మా" అనే ఆంటీలకు ఆ చట్టం తెలియకపోవచ్చు, అది వేరే సంగతి.

[తెర మీద: పొలం గట్టు, వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల]

ఇక 'ఇదంతా పాశ్చాత్య పోకడ, మన సంప్రదాయం కాదు' అనేవాళ్లకు. నాట్లకు వెళ్లే కూలీ తల్లిని ఎప్పుడైనా చూశారా? చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, బిడ్డ ఏడవగానే బురద కాళ్లతో గట్టెక్కి, అక్కడే కూర్చుని పాలిస్తుంది. మేస్త్రీ ఉంటాడు, ట్రాక్టర్ డ్రైవర్ ఉంటాడు. ఆమెకు గది ఎవరూ కట్టలేదు, ఆమెను లేచి వెళ్లమనీ ఎవరూ అనలేదు. సిగ్గుపడాలన్నది మనలాంటివాళ్లం టౌనుకొచ్చాక నేర్చుకున్న పాఠం. పెద్దవాళ్లు కొంగు కప్పమన్నది దిష్టి తగులుతుందని, బిడ్డ పాలు తాగడం ఎవరికో ఇబ్బందని కాదు. కొంగు కప్పుకోవడం ఇష్టమైన తల్లి కప్పుకోనీ, గది కావాలనుకునే తల్లికి గది ఉండనీ. నాకూ చాలాసార్లు గదే కావాలనిపించింది, అబద్ధం చెప్పను. కానీ గది ఉంది కదా అని బెంచీ మీద కూర్చున్న తల్లిని "అక్కడికి పో" అనే రోజు వస్తే, ఆ గది మనకు అక్కరకు రాదు, అడ్డొస్తుంది. మే నెల ఎండలో చున్నీ కింద చెమటతో ఉక్కిరిబిక్కిరయ్యే బిడ్డను ఒకసారి ఊహించుకోండి. మీరైతే తల మీద దుప్పటి కప్పుకుని అన్నం తింటారా?

మగవాళ్లు నన్ను తరచూ అడుగుతారు: అనుకోకుండా కళ్లు అటు వెళ్తే ఏం చేయాలి? ఏం చేయక్కర్లేదు. తల తిప్పి ఫోన్ చూసుకోండి, రోజంతా చేసే పనే కదా. ఆ ఫోన్‌తో ఫోటో తీయకపోతే చాలు. ఆమె చేతుల్లో సంచీ ఉంటే అందుకుని పైన పెట్టండి.

[తెర మీద: కదులుతున్న బస్సు కిటికీ]

బస్టాండు కథ సగంలో ఆపాను. ఆ రోజు పాలు రాకుండానే బస్సెక్కాను. కిటికీ పక్కన ఒక ముసలామె, కాళ్ల దగ్గర జామకాయల గంప. పాప ఏడుపు విని ఏమీ అడగలేదు. గంప అమ్మ ఒళ్లో పెట్టింది, తను లేచి నన్ను కిటికీ వైపు కూర్చోమంది, తను ఇటు దారివైపు అడ్డంగా కూర్చుంది. తర్వాత తన కోడలి గురించి మొదలుపెట్టింది. కోడలు టీలో చక్కెర ఎక్కువేస్తుందట. ఆ కథ వింటూ వింటూ బస్టాండు సంగతే మర్చిపోయాను. నార్కట్‌పల్లి దాటేసరికి చేపు వచ్చింది. పాప గుటకలు వేస్తుంటే ఆ చప్పుడు నాకు ఇంజిన్ మోతలోనూ వినిపించింది.

రెండు నెలల తర్వాత మళ్లీ అదే బస్టాండుకు వెళ్లాను. ఈసారి తలుపు తెరిచే ఉంది. చీపుర్లు లేవు, కొత్త కుర్చీ వేశారు, ఫ్యాన్ తిరుగుతోంది. లోపలికి వెళ్లి రెండు నిమిషాలు ఊరికే కూర్చుని వచ్చాను. పాప అప్పుడు నిద్రపోతోంది. బస్సు కదిలిన ఇరవై నిమిషాలకు లేచి ఏడుపు అందుకుంది.