పాళీ సన్నగా కావాలి సరే, ఎంత సన్నగా?

నమస్తే అండీ! వీకెండ్ పనులన్నీ అయ్యాయి, పాప పడుకుంది. ఇవాళ్టి వ్లాగ్‌లో వంటా లేదు, షాపింగూ లేదు. టేబుల్ మీద ఒక ఇంకు పెన్ను, ఒక భూతద్దం, నింపాల్సిన ఫారం, అంతే. ఈ పెన్ను పాళీని ఎక్స్‌ట్రా ఫైన్‌గా, అంటే బాగా సన్న గీత వచ్చేలా అరగదీయించడానికి, పాళీలు సరిచేసేవాళ్లకి పోస్టులో పంపుతున్నాను. “అంత సన్నగా రాయాలంటే జెల్ పెన్ను చాలదా?” అంటారు మా ఆయన. ఆయనకి జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను.

కొనేటప్పుడే ఎక్స్‌ట్రా ఫైన్ కొనుక్కుంటే పోయేదిగా అనిపించొచ్చు. కానీ ఆ మాటకి అన్ని కంపెనీల్లో ఒకే కొలత లేదు. పైలట్, సెయిలర్, ప్లాటినం లాంటి జపాన్ కంపెనీల ఫైన్, చాలా యూరప్ కంపెనీల ఎక్స్‌ట్రా ఫైన్‌కి దాదాపు సమానం. నాది యూరప్ పెన్ను, అందులోనూ మీడియం పాళీ. పెన్ను చేతికి బాగా కుదిరింది, గీతే లావు.

కెమెరా దగ్గరగా పెడుతున్నాను, చూడండి. పాళీ చివర చిన్న గుండు కనిపిస్తోందా? పాళీ బంగారమైనా స్టీలైనా ఈ గుండు మాత్రం విడిగా అతికించిన గట్టి లోహ మిశ్రమం. ఇరిడియం అనడం అలవాటైపోయింది కానీ, ఇప్పుడు ఎక్కువగా రుథీనియం, ఆస్మియం, టంగ్‌స్టన్ లాంటివి కలిపి చేస్తారు. కాగితానికి తగిలేదీ ఇదే, అరగదీసేదీ దీన్నే. మీడియాన్ని ఫైన్ చేయగలరు గానీ, అరిగిన దాన్ని మళ్లీ లావు చేయాలంటే కొత్త గుండు అతికించాల్సిందే. దానికి తోడు, ఒకసారి ఇలా చేయిస్తే కంపెనీ వారంటీ మీద సాధారణంగా ఆశ వదులుకోవాలి. ఈ ఫారం ముందు ఇంత టెన్షన్ పడేది అందుకే.

ఫారంలో ప్రశ్నలు టైలర్ కొలతలు తీసుకున్నట్టే ఉంటాయి. ఏ చేత్తో రాస్తారు, పెన్ను ఎంత వాలుగా పడతారు, ఎంత నొక్కుతారు, ఏ కాగితం, ఏ ఇంకు. చేతిరాత ఫోటో కూడా పంపాలి. ఇంగ్లీషు రాసింది పంపితే సరిపోతుంది అనుకుంటాం, కానీ నేను తెలుగు పేజీ పంపుతున్నాను. పాపకి చూచిరాత రాసిపెట్టేది ఈ పెన్నుతోనే కదా.

ఈ పేజీలో “రాష్ట్రం” చూడండి. ష కింద ట వత్తు, పక్కనే ర వత్తు. 5 మిల్లీమీటర్ల గళ్ల నోట్‌బుక్‌లో ఒక వత్తుకి నాకు దొరికే వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు. గీత 0.5 అయితే రెండు వైపులా కలిపి ఒక మిల్లీమీటరు ఇంకుకే పోతుంది, మధ్యలో అర మిల్లీమీటరు మిగులుతుంది. అదే 0.3 అయితే మిగిలేది 0.9. ఠ మధ్యలో చుక్క చుక్కలా కనబడాలన్నా, ద కింద ఒత్తు గీత పెట్టి ధ చేసినట్టు తెలియాలన్నా ఆ ఖాళీ కావాలి.

అలాగని నీడిల్‌పాయింట్ అడగలేదు. అది 0.2 దాకా వెళ్తుంది, చూడటానికి భలే ఉంటుంది. కానీ మొన తగ్గేకొద్దీ కాగితం మీద జారే భాగమూ తగ్గుతుంది. ఇంగ్లీషులో చాలా గీతలు కిందికి లాగేవే. మన అక్షరాలు గుండ్రం, కలం అన్ని దిక్కులకీ తిరగాలి, పైకి తోసేటప్పుడు సూది మొన కాగితం పీచుని గీకుతుంది. ఆర్కిటెక్ట్ గ్రైండ్ అని మొనని అరగదీసే ఇంకో తీరు ఉంది, అది కూడా ఆలోచించాను. నిలువు గీత సన్నగా, అడ్డ గీత లావుగా వస్తుంది, సున్నా అందంగానే ఉంటుంది. పెన్ను వాలు కాస్త మారితే మాత్రం గీత తీరే మారిపోతుంది, పాప పక్కన వంగి రాసిపెట్టే నాకు అది కుదరదు. కాబట్టి రౌండ్ ఎక్స్‌ట్రా ఫైన్, 0.3 అని రాశాను.

నొక్కుడు దగ్గర నిజం రాయాలండీ. మెత్తటి బంగారు పాళీ అయితే, గట్టిగా నొక్కినప్పుడు పాళీ చీలికకి అటూ ఇటూ ఉండే రెండు రేకులూ విడిపోయి గీత మళ్లీ లావైపోతుంది. ఎంత సన్నగా అరగదీయించినా అక్కడ డబ్బు దండగే. నాది గట్టి స్టీలు పాళీ, ఈ పనికి అదే నయమని నా అభిప్రాయం. ఇంకు ధార 10కి 4 అని పెట్టాను. ఎక్కువ కారితే 0.3 కాస్తా పరుచుకుని 0.4 అవుతుంది. మరీ తక్కువైతే జారుడు పోయి గరగరలాడుతుంది. మెరుపులు కలిపిన ఇంకులు ఇక ఈ పెన్నులో పోయను, సన్న ధారకి అవి తొందరగా అడ్డం పడతాయి.

ఇంకు మొత్తం తీసేసి, నీళ్లతో కడిగి ఆరబెట్టాను. పాళీ ఒక్కటే కాదు, పెన్ను మొత్తం పంపుతున్నాను, ధార సరిచేయాలంటే పాళీ కింద ఉండి ఇంకు అందించే ఫీడ్ కూడా వాళ్ల చేతిలో ఉండాలి. తిరిగొచ్చాక ముందు ఇదే నోట్‌బుక్‌లో, ఇదే ఇంకుతో రాసి చూపిస్తాను. గరుకుగా అనిపిస్తే భూతద్దంలో రెండు రేకులూ సమంగా ఉన్నాయో లేదో చూడాలి, చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది. సొంతంగా గరుకు కాగితం మీద రుద్దే పని మాత్రం పెట్టుకోకండి.