చెడ్డ షాట్‌ను చూసి డ్రైవర్ కొనండి

హోస్ట్: నమస్కారమండీ, బెంగళూరు నుంచి మన తెలుగు గోల్ఫ్ కబుర్లకి స్వాగతం. ఈ వారం మా బాబాయ్‌ని పట్టుకొచ్చాను. హెచ్‌ఏఎల్‌లో రిటైరయ్యాక ఆయన మారతహళ్లిలో ఇంటి వెనక షెడ్డులో తెలిసినవాళ్ల క్లబ్బులకి (గోల్ఫ్ కర్రలకి) గ్రిప్పులు, అంటే చేతిపిడులు మారుస్తుంటారు, షాఫ్ట్‌లు, అంటే కర్ర భాగం కోస్తుంటారు. బాబాయ్, అందరూ అడిగేది ఒక్కటే. కొత్త డ్రైవర్, అదే బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే పొడుగు క్లబ్, కొనాలి. ఏది కొనాలి?

బాబాయ్: నన్నూ అదే అడుగుతారమ్మా. బ్రాండ్ పేరు చెప్పమంటారు. నేనేమో పాత డ్రైవర్ పట్టుకు రమ్మంటాను. దాని ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

హోస్ట్: బంతి తగిలిన మరకలా?

బాబాయ్: ఆ, అవే. ఇంకా స్పష్టంగా కావాలంటే డ్రై షాంపూ స్ప్రే కొద్దిగా ఫేస్ మీద కొట్టి ఓ పది బంతులు ఆడు. ప్రతి దెబ్బకీ గుండ్రంగా అచ్చు పడుతుంది. అవి మధ్యలో ఒకేచోట గుంపుగా పడ్డాయనుకో, నీకు కొత్త డ్రైవర్‌తో పెద్దగా పనిలేదు. ఆ డబ్బు పెట్టి కోచ్ దగ్గరికెళ్లు.

హోస్ట్: అలాంటివాళ్లు ఎంతమంది వస్తారులే!

బాబాయ్: అరుదు. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమందికి హీల్ వైపు, అంటే కర్ర అతికిన వైపు, అదీ కింద తగులుతుంది. అక్కడ తగిలితే రెండు రకాల నష్టం. స్పిన్ పెరిగి బంతి గాల్లోకి లేచి చతికిలపడుతుంది. కుడిచేతివాటం వాళ్లకైతే కుడివైపు వంకర కూడా తిరుగుతుంది. బంతి పక్కన తగలగానే హెడ్ మెలితిరుగుతుంది కదా, ఆ మెలికకి ఎదురు దిశలో బంతి తిరుగుతుంది. గేర్ ఎఫెక్ట్ అంటారు. టో వైపు, అంటే కర్రకి దూరంగా ఉన్న కొసన, తగిలితే ఎడమకి వంగుతుంది. మధ్యకి కాస్త పైన తగిలితే స్పిన్ తగ్గి, ఎత్తుగా లేచి దూరం పోతుంది. అది మంచిదే.

హోస్ట్: అయితే నా స్లైస్‌లో, అదే బంతి కుడికి వంకర పోవడంలో, నా స్వింగ్ తప్పేం లేదన్నమాట!

బాబాయ్: అప్పుడే సంబరపడకు. ఫేస్ తెరుచుకుపోయి, స్వింగ్ బయటినుంచి లోపలికి కోసుకుంటూ వస్తే ఏ డ్రైవరూ కాపాడలేదు. ఆ వంకరలో తగిలిన చోటు వాటా ఎంత, స్వింగ్ వాటా ఎంత అన్నది తేల్చుకోకుండా డబ్బు తీయొద్దంటున్నా, అంతే.

హోస్ట్: సరే, హీల్‌లో తగులుతోందని తేలింది. మరి ఏం చేయాలి?

బాబాయ్: ముందు పొడవు చూడు. షాపులో దొరికే డ్రైవర్లు చాలావరకు 45.5 అంగుళాలో, ఇంకొంచెం ఎక్కువో ఉంటాయి. రూల్స్ 48 దాకా ఒప్పుకుంటాయి. 2022 నుంచి పెద్ద ప్రొఫెషనల్ పోటీల్లో 46కి మించకూడదని లోకల్ రూల్ పెట్టుకునే వీలిచ్చారు. విచిత్రమేంటంటే, రోజంతా బంతులు కొట్టడమే పనిగా ఉన్న టూర్ ఆటగాళ్లలో చాలామంది 45, అంతకన్నా తక్కువ వాడతారు. ఆదివారం పొద్దున మాత్రమే ఆడేవాళ్లకేమో పొడుగు కర్ర అంటగడతారు.

హోస్ట్: ఎందుకలా?

బాబాయ్: పొడుగైతే హెడ్ వేగం పెరుగుతుంది, డబ్బా మీద దూరం అని రాసుకోవచ్చు. కానీ లెక్క చూడు. నీ స్వింగ్ వేగం గంటకి 90 మైళ్లనుకో. నడిమధ్యన తగిలితే బంతి వేగం దాదాపు ఒకటిన్నర రెట్లు, అంటే 135. ఫేస్ ఎంత స్ప్రింగులా పనిచేయాలో రూల్స్ హద్దు పెట్టాయి కాబట్టి అంతకన్నా పెద్దగా రాదు. అదే స్వింగ్‌తో హీల్‌లో తగిలితే 124కో 125కో పడిపోవచ్చు. బంతి వేగంలో ఒక్కో మైలుకి ఉజ్జాయింపుగా రెండు యార్డ్‌లు. ఎన్ని పోయాయి?

హోస్ట్: ఇరవై యార్డ్‌లు.

బాబాయ్: చూశావా. పొడుగు షాఫ్ట్ ఇచ్చేది ఒకటో రెండో మైళ్ల వేగం. అది ఇరవై యార్డ్‌లు తెచ్చిపెట్టదు. అందుకే కొనే ముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. పాత డ్రైవర్‌నే ఒక అంగుళం కిందికి పట్టుకుని ఆడు. మరకలు మధ్యకి జరిగాయంటే నీకు పొట్టి డ్రైవర్ కావాలని అర్థం.

హోస్ట్: పాతదాన్నే కోయించుకుంటే సరిపోదా?

బాబాయ్: సరిపోవచ్చు. అయితే కోసి వదిలేస్తే హెడ్ తేలిపోయినట్టుంటుంది, చేతికి ఆనదు. అంగుళానికి దాదాపు ఆరు స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువనిపిస్తుందో ఆ కొలత) పాయింట్లు తగ్గుతాయి. సోల్‌లో, అంటే హెడ్ అడుగున, స్క్రూ వెయిట్ ఉంటే బరువైనది బిగించాలి, లేకపోతే లెడ్ టేప్ అంటించాలి. యూట్యూబ్ చూసి రంపం తీసుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

హోస్ట్: ఇప్పుడు లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం. మా ఆఫీసులో మగవాళ్లందరి దగ్గరా తొమ్మిది డిగ్రీలే ఉంటుంది. 12 అంటే నవ్వుతారు.

బాబాయ్: నవ్వనీ. బంతికి వాళ్ల పరువుతో పనిలేదు కదా! టీవీలో మగ ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్ చూసి అదే మనకీ సరిపోతుందనుకుంటారు. వాళ్ల సగటు స్వింగ్ వేగం 115 మైళ్ల చుట్టూ ఉంటుంది. మనలాంటి మామూలు మగవాళ్లు 90 దాటితే గొప్ప. మనం చూసి నేర్చుకోవాల్సింది ఎల్‌పీజీఏ, అంటే ఆడవాళ్ల టూర్. ఆ అమ్మాయిల సగటు వేగం 95 మైళ్ల దరిదాపుల్లో ఉంటుంది, అయినా బంతి గాల్లోనే 220 యార్డ్‌ల దాకా పోతుంది. ఎలాగంటే, బంతిని ఎత్తుగా టీ చేసి, అంటే చిన్న పుల్ల మీద నిలబెట్టి, హెడ్ కిందినుంచి పైకి వస్తున్నప్పుడు కొడతారు. తక్కువ వేగానికి ఎత్తు కావాలి. ఎత్తు లాఫ్ట్ వల్లైనా రావాలి, పైకి కొట్టడం వల్లైనా రావాలి. రెండూ లేకుండా తొమ్మిది డిగ్రీలతో కొడితే బంతి ముక్కుమీద పడుతుంది.

హోస్ట్: అదితి అశోక్ గుర్తొస్తోంది. మన కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ (కేజీఏ) ప్రాక్టీస్ రేంజ్‌లో చిన్నప్పుడు మొదలుపెట్టిన అమ్మాయి.

బాబాయ్: అదే చెప్పబోతున్నా. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, వాళ్లమ్మ క్యాడీగా, అంటే క్లబ్బుల సంచి మోస్తూ, ఉండగా ఆడింది. డ్రైవింగ్ దూరంలో అక్కడున్నవాళ్లందరిలో దాదాపు అట్టడుగున ఉంది. అయినా నాలుగో స్థానం. 15 అండర్, అంటే కోర్సు లెక్కకన్నా పదిహేను దెబ్బలు తక్కువ. ఇంకొక్క షాట్ తగ్గితే పతకం ప్లేఆఫ్‌లో ఉండేది. దూరమే సర్వస్వం అనేవాళ్లకి ఆ వారం స్కోరుకార్డు చూపిస్తాను.

హోస్ట్: ఇప్పుడన్నీ రెంచ్‌తో లాఫ్ట్ మార్చుకునే డ్రైవర్లే కదా. ఏదో ఒకటి కొనేసి తర్వాత సర్దుకోవచ్చుగా?

బాబాయ్: సర్దుకోవచ్చు. కానీ అక్కడో మెలిక ఉంది, షాపువాళ్లు కూడా చాలామంది చెప్పరు. కర్ర హెడ్‌లో దిగేచోట ఉండే ఆ స్లీవ్ తిప్పి లాఫ్ట్ పెంచితే, హెడ్ నేలమీద ఆనించినప్పుడు ఫేస్ కొంచెం మూసుకుంటుంది, అంటే ఎడమకి చూస్తుంది. లాఫ్ట్ తగ్గిస్తే తెరుచుకుని కుడికి చూస్తుంది. ఇప్పుడు స్లైస్ కొట్టేవాడిని ఊహించుకో. బంతి మరీ పైకి లేస్తోందని, లాఫ్ట్ ఎక్కువైందనుకుని తగ్గించేస్తాడు. అసలు అది పైకి లేస్తున్నది స్పిన్ వల్ల. లాఫ్ట్ తగ్గించాక ఫేస్ ఇంకా తెరుచుకుంది, స్లైస్ ఇంకా పెరిగింది. మళ్లీ తగ్గిస్తాడు! ఇలా ఎనిమిది డిగ్రీల దాకా దిగిపోయి, కేజీఏలో కుడివైపు చెట్లన్నింటికీ బంతులు దానం చేసినవాళ్లని చూశాను.

హోస్ట్: అంటే స్లైస్ ఉన్నవాళ్లు లాఫ్ట్ పెంచాలి.

బాబాయ్: చాలాసార్లు అదే మందు. 10.5 డ్రైవర్‌ని 12కి తిప్పి చూడు. లేదంటే బంతిని ఎడమకి తిప్పేలా చేసిన డ్రా బయాస్ హెడ్‌లు వస్తాయి. బరువు హీల్ వైపు పెడతారు కాబట్టి ఫేస్ త్వరగా మూసుకుంటుంది. స్లైస్ మాయమైపోదు గానీ, రోడ్డుమీద పడే బంతి రఫ్‌లో, అంటే పక్కనున్న ఎత్తు గడ్డిలో, ఆగుతుంది. బెంగళూరు గోల్ఫ్ క్లబ్‌లాంటి చోట అదే పదివేలు. 1876 నాటి కోర్సు, నగరం నడిబొడ్డున ఉంది, గీత దాటితే ట్రాఫిక్కే.

హోస్ట్: హెడ్‌ల సంగతికొస్తే, ఈ పదివేల ఎమ్‌ఓఐ గోలేంటి?

బాబాయ్: ఎమ్‌ఓఐ అంటే హెడ్ మెలితిరగకుండా ఎంత మొండికేస్తుందో ఆ కొలత. కావడి బద్దకి రెండు కొసలా నీళ్ల కుండలు కట్టి చటుక్కున పక్కకి తిప్పమను, తిరగదు. అదే కుండలు నడుమ దగ్గరికి జరిపితే సులువుగా తిరుగుతుంది. హెడ్‌లో బరువుని అంచులకి, వెనక్కి నెట్టేస్తే పక్కన తగిలినా మెలితిరగడం తగ్గుతుంది. 2024లో పింగ్ జీ430 మ్యాక్స్ 10కే, టేలర్‌మేడ్ క్యూఐ10 మ్యాక్స్ ఈ మాటతోనే వచ్చాయి. అయితే ఆ పదివేలు అన్నది రెండు దిశల లెక్కలు కలిపితే వచ్చిన మొత్తం. రూల్స్ హద్దు పెట్టింది పక్కకి మెలితిరిగే దిశకి మాత్రమే, అదీ 5,900. హెడ్ సైజుకి 460 సీసీ హద్దు ఎలాగూ ఉంది. చెడ్డ షాట్లు ఎక్కువగా కొట్టేవాళ్లకి ఈ పెద్ద హెడ్‌లు మంచివే. ఎల్‌ఎస్ అని రాసిన తక్కువ స్పిన్ హెడ్‌లు నల్లగా, చిన్నగా ముద్దొస్తాయి. వాటి జోలికి పోవద్దు.

హోస్ట్: షాఫ్ట్ ఫ్లెక్స్, అంటే కర్ర ఎంత వంగుతుందన్నది?

బాబాయ్: ఆర్, ఎస్ అన్న అక్షరాలకి అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలత లేదు. ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ అంత గట్టిగా ఉంటుంది. ఉజ్జాయింపుగా స్వింగ్ వేగం 85 మైళ్ల లోపు సీనియర్, 95 దాకా రెగ్యులర్, ఆపైన స్టిఫ్. నేనైతే ముందు బరువు చూస్తాను. నలభై గ్రాముల షాఫ్ట్‌తో కొందరి చేతులు ఉరుకుతాయి, అరవై ఇస్తే కుదురుకుంటాయి.

హోస్ట్: ఫిట్టింగ్‌కి, అంటే మన స్వింగ్ కొలిపించి క్లబ్ ఎంచుకోడానికి, వెళ్లినప్పుడు స్క్రీన్ మీద ఇన్ని అంకెలొస్తాయి. ఏం చూడాలి?

బాబాయ్: అన్నిటికన్నా దూరం పోయిన షాట్‌ని తుడిచేయమను. దాన్ని చూసే అందరూ కార్డు గీకుతారు. ఒక్కో డ్రైవర్‌తో పది పన్నెండు బంతులు కొట్టు. వాటిలో చెడ్డవి మూడు ఎక్కడ పడ్డాయి? కుడిఎడమల మధ్య ఎంత వెడల్పు? ఆ వెడల్పు ఏ డ్రైవర్‌తో తగ్గిందో అదే నీది, సగటున ఐదు యార్డ్‌లు తక్కువ పోయినా సరే. ఫెయిర్‌వే, అంటే మధ్యలో కత్తిరించిన గడ్డి, నీ మంచి షాట్‌ని ఎలాగూ భరిస్తుంది. నీ చెడ్డ షాట్ ఆడదగ్గ చోట పడాలి, దానికే డబ్బు పెడుతున్నావు.

హోస్ట్: రేంజ్ బంతులతో ఫిట్టింగ్ చేస్తారు కొన్నిచోట్ల.

బాబాయ్: అరిగిపోయిన రేంజ్ బంతితో వచ్చిన స్పిన్ అంకెకి విలువ లేదు. నువ్వు ఆడే బంతులు సంచిలో తీసుకెళ్లు. అలసిపోయాక కొట్టినవి లెక్కలోకి తీసుకోకు. ఇంకోటి, మనం ఉన్నది సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున. గాలి పల్చన కాబట్టి ఇక్కడ బంతి మూడు నాలుగు శాతం ఎక్కువ పోతుంది, వంకర కాస్త తక్కువ తిరుగుతుంది. మిషన్‌లో ఎత్తు ఎంత పెట్టారో అడుగు. ఒక చోట సముద్రమట్టం లెక్క, ఇంకోచోట బెంగళూరు లెక్క పెట్టుకుని రెండు డ్రైవర్లు పోలిస్తే ఏం తేలుతుంది? చెన్నై వెళ్లి నందనంలో కాస్మో (కాస్మోపాలిటన్ క్లబ్) కోర్సులో ఆడినప్పుడు డ్రైవర్ పాడైందనుకుంటారు మనవాళ్లు. పాపం, అది గాలి మహిమ.

హోస్ట్: సెకండ్‌హ్యాండ్ కొనొచ్చా?

బాబాయ్: నిరభ్యంతరంగా. పోయినేటి మోడల్‌కీ ఈ ఏటి మోడల్‌కీ మధ్య తేడా, నీ రెండు షాట్ల మధ్య తేడా అంత ఉండదు. నకిలీలు మాత్రం ఉన్నాయి. ఆన్‌లైన్‌లో సగానికి సగం ధర అంటే అనుమానించు. హోసెల్ (కర్ర దిగే మెడ) మీద సీరియల్ నంబర్ చూసి కంపెనీనే అడుగు. ఫేస్ మీద వేలితో తడిమి సన్నటి పగులు ఉందేమో చూడు. షాఫ్ట్ ఎవరైనా కోశారేమో కొలిపించు.

హోస్ట్: చివరగా ఒక శ్రోత ప్రశ్న. వాళ్ల నాన్నగారికి 68 ఏళ్లు, బిదడిలో ఈగల్టన్‌లో ఆడతారట. పదేళ్ల కిందటి స్టిఫ్ డ్రైవర్ వదలనంటారు. వేళ్లు నొప్పి కూడా ఉందట. పుట్టినరోజుకి ఏం కొనిపెట్టాలి?

బాబాయ్: కొనిపెట్టి ఆశ్చర్యపరచొద్దు, ఆయన్నే ఫిట్టింగ్‌కి తీసుకెళ్లండి. నా అంచనా అయితే 12 డిగ్రీలు, నలభై యాభై గ్రాముల సీనియర్ షాఫ్ట్, 45 అంగుళాలకి మించకుండా. వేళ్లు నొప్పి కాబట్టి మెత్తటి, కాస్త లావు గ్రిప్. ఆ గ్రిప్ ఒక్కటీ ఈ వారమే పాతదానికి వేయించి ఇవ్వండి. అది నచ్చితే మిగతావాటికి ఆయనే ఒప్పుకుంటారు.

హోస్ట్: సీనియర్ అన్న అక్షరం షాఫ్ట్ మీద చూస్తే ఒప్పుకుంటారా?

బాబాయ్: ఆ అక్షరం మీద నల్ల టేపు వేసి ఇస్తాను, రమ్మను.