కుక్కకు గ్రహణం కళ్ళజోడు పెట్టాలా?

ప్రయోక్త: 2027 ఆగస్టు 2 సూర్యగ్రహణం ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సంపూర్ణం. మన దేశంలో కనిపించేచోట పాక్షికమే. ఇళ్ళలో పెంచుకునే జంతువుల సంగతేంటో చెప్పడానికి పశువైద్యులు డాక్టర్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ కూకట్‌పల్లి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే డాక్టర్ గారూ. పిల్లలకు గ్రహణం కళ్ళజోళ్ళు కొన్నాం. మా పగ్‌కు కూడా ఒకటి రబ్బర్ బ్యాండ్‌తో కట్టి చూశాం. కాసేపటికే పంజాతో గోకి పీకేసింది. పొద్దుటి నుంచి ఎడమ కన్ను మూసుకునే ఉంది, నీళ్ళు కారుతున్నాయి.

డాక్టర్: ముందు ఆ కన్ను సంగతి చూద్దాం. ఏమైనా చుక్కలు వేశారా?

శ్రోత: ఇంకా లేదండీ. మా అమ్మ శుక్లాల ఆపరేషన్‌కు వాడినవి మిగిలాయి. అవి వేద్దామనుకుంటున్నా.

డాక్టర్: వద్దు, పొరపాటున కూడా వెయ్యకండి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే చుక్కల్లో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. సీసా మీద డెక్సామెథసోన్ అనో ప్రెడ్నిసలోన్ అనో కనిపిస్తుంది చూడండి. నల్లగుడ్డు మీది పొర గీరుకుపోయి ఉంటే స్టెరాయిడ్ దాన్ని మాననివ్వదు, పుండు లోతుకు దిగుతుంది. పగ్ కళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి వాటికి ప్రమాదం ఇంకా ఎక్కువ. మళ్ళీ గోక్కోకుండా మెడకు గరాటులా ఉండే కోన్ కాలర్ వేసి, ఇవాళే దగ్గర్లో ఉన్న పశువైద్యుడికి చూపించండి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికైనా వెళ్ళొచ్చు. నారింజ రంగు కాగితపు పట్టీతో కంట్లో రంగు వేసి నీలం లైటు కింద చూస్తారు. పొర లేచిన చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. మందు ఏమిటన్నది అది చూశాకే.

శ్రోత: మరి గ్రహణం రోజు జోడు పెట్టొద్దా?

డాక్టర్: అక్కర్లేదమ్మా. ఎండ మామూలు రోజు ఎంత చురుకో గ్రహణం రోజూ అంతే. కొత్తగా వచ్చేది మన ఆత్రం. కళ్ళు చికిలించి మరీ సూర్యుణ్ణే చూస్తాం. కంటి వెనక ఉండే రెటీనా పొరకు నొప్పి తెలియదు, కాలిన సంగతి గంటల తర్వాత గానీ బయటపడదు. కుక్కకు ఆ ఆత్రం లేదు, దాని ధ్యాసంతా నేల మీది వాసన మీదే. పైగా మన ముఖానికి చేసిన జోడు దాని మూతికి ఆనదు, పక్కల సందుల్లోంచి ఎండ పడుతూనే ఉంటుంది. జోడులోని ఫిల్మ్ నమిలి మింగితే అదో తంటా. ఒక్కటి గుర్తుంచుకోండి: మనం వేలు చూపిస్తే కుక్క అటు చూస్తుంది. దాన్ని ఎత్తుకుని, గడ్డం పైకెత్తి సెల్ఫీలు దిగకండి.

ప్రయోక్త: తర్వాతి ఫోన్ ధూల్‌పేట నుంచి.

శ్రోత: సార్, మా డాబా మీద పావురాలున్నయి. గ్రహణం పట్టినప్పుడు లేపొచ్చునా? కండ్లు పోతయా?

డాక్టర్: వాటి కళ్ళకేం కాదన్నా. సంపూర్ణ గ్రహణమైతే పక్షులు పొద్దు గూకిందనుకుని గూటికి చేరతాయి. 1980 ఫిబ్రవరి 16న మన పక్కనే జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగా పోయింది అలాంటిదే. పాక్షికంలో అంత చీకటి పడదు. నా భయమల్లా నీ కళ్ళ గురించే. గుంపు ఎటు తిరిగితే నీ చూపు అటు పోతది, అది సూర్యుడి మీదికి వచ్చినప్పుడు కూడా. గ్రహణం జోడు పెట్టుకుంటే పావురాలు కనపడవు, తీస్తే కన్నుకు ముప్పు. ఆ పూట గూట్లోనే ఉంచు. సూర్యుణ్ణి చూడాలనుంటే ఐఎస్ఓ 12312-2 అని, అంటే సూర్యుణ్ణి చూసే జోళ్ళ భద్రతా ప్రమాణం నంబరు, ఉన్న జోడు తీసుకో, గీతలు పడ్డది వద్దు. ఎక్స్‌రే ఫిల్మ్ పనికిరాదు.

ప్రయోక్త: సైనిక్‌పురి నుంచి ఇంకొకరు.

శ్రోత: మా లాబ్రడార్‌కు షుగర్ ఉందండీ, రెండు పూటలా ఇన్సులిన్. గ్రహణం విడిచేదాకా దానికీ ఏం పెట్టొద్దంటున్నారు మా అత్తయ్య.

డాక్టర్: పెద్దవాళ్ళ ఉపవాసం వాళ్ళ ఇష్టం. కుక్కకు మాత్రం తిండి, ఇన్సులిన్ రోజూ ఇచ్చే వేళకే పడాలి. తినకుండా పూర్తి డోసు ఇస్తే షుగర్ పడిపోతుంది. తూలడం, వణకడం, ఆపైన ఫిట్స్. తూలుతుంటే చిగుళ్ళకు తేనె గానీ గ్లూకోజ్ గానీ రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తినకపోతే డోసు ఎంతో మీ డాక్టర్నే అడగండి, మీరే లెక్కలు వెయ్యకండి.

శ్రోత: ఆవిడకు నచ్చచెప్పేదెలాగండీ?

డాక్టర్: గిన్నెలో దర్భ వేసి పెట్టమనండి, నాకేం అభ్యంతరం లేదు. వడ్డించేముందు తీసెయ్యండి, అంతే. మీ ఇంట్లో పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి సూర్యుణ్ణి చూసే అలవాటుందా?

శ్రోత: ఉందండీ, వాకిట్లోనే పెడతారు.

డాక్టర్: అలా చూడొద్దు. ఎండ నెత్తిన ఉన్నప్పుడు కూడా నీళ్ళు నూటికి రెండు వంతుల వెలుగును తిప్పి కొడతాయి, పొద్దు వాలేకొద్దీ ఇంకా ఎక్కువ. మంచి జోడు లక్షలో కొద్ది వంతులే రానిస్తుంది, ఆ లెక్కన నీళ్ళలో కనిపించే వెలుగు కంటికి చాలా ఎక్కువ. పైగా షుగర్ కుక్కకు దాహం ఎక్కువ, ఆ పళ్ళెంలో మూతి పెట్టేస్తుంది. మంచినీళ్ళ గిన్నె లోపల నిండుగా ఉంచి, పళ్ళెం పెట్టడం మానెయ్యండి.