గేటు ఆరున్నరకు పడితే

(హనుమకొండలో ఓపెన్ సోర్స్ వలంటీర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకొని నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, పరీక్షేం పెట్టను.

ఎవరైనా చూసి, వాడి, మార్చుకోగల సాఫ్ట్‌వేర్ రాసే మన ఓపెన్ సోర్స్ గ్రూపులో అమ్మాయిలు ఎందుకు లేరని ఎవరడిగినా చాలా ఏళ్ళు నాది ఒకటే జవాబు: "పిలుస్తూనే ఉన్నాం, వాళ్ళే రావట్లేదు." ఆ రోజుల్లో మన మీటప్ ఆదివారం సాయంత్రం ఆరింటికి. చాయ్, బజ్జీలు అయ్యి అసలు పని మొదలయ్యేసరికి ఏడు. మనం కూర్చునే చోటికి రెండు వీధుల అవతల లేడీస్ హాస్టల్ ఉంది. అక్కడ ఆరున్నరకు గేటు పడుతుంది. రెండు టైములూ నాకు తెలుసు, ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. జమ్మికుంట నుంచి వచ్చే ఫైనలియర్ అమ్మాయి ఒకరోజు అంది: "అన్నా, మీరు మొదలుపెట్టేసరికి నేను కాజీపేటలో ట్రైనెక్కి ఉండాలి." అప్పుడు శనివారం మధ్యాహ్నం రెండింటికి మార్చాం. ఇవాళ కుడివైపు రెండు వరుసలు నిండాయంటే అందులో నా గొప్ప ఏమీ లేదు, గడియారం ముల్లు జరిపామంతే.

ఇది మన ఊరి సమస్యే కాదు. విండోస్‌కు బదులు ఉచితంగా వాడుకునే ఉబుంటు తెరవగానే కనిపించే డెస్క్‌టాప్ గ్నోమ్, అదీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టే. 2006లో, విద్యార్థులకు డబ్బిచ్చి ఓపెన్ సోర్స్ కోడ్ రాయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద ఆ ప్రాజెక్టుకు 181 దరఖాస్తులు వస్తే, అందులో ఆడవాళ్ళవి సున్నా. గ్నోమ్ వాళ్ళు నాలాగా చేతులు దులుపుకోలేదు. అదే ఏడాది వేసవిలో ఆడవాళ్ళ కోసమే, పక్కనుండి నేర్పేవాళ్ళుంటారని చెప్పి ఒక కార్యక్రమం ప్రకటించారు. వందకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆరుగురిని తీసుకున్నారు. అంత కొద్ది రోజుల్లో వందమంది ప్రోగ్రామర్లు కొత్తగా పుట్టుకురారు కదా. వాళ్ళంతా ముందు నుంచీ ఉన్నవాళ్ళే, పిలిచిన తీరు మారింది.

ఆ కార్యక్రమమే తర్వాత ఔట్రీచీ అయింది. మూడు నెలలు, ఇంటి నుంచే పని, 7,000 డాలర్ల స్టైపెండ్. సేవకు డబ్బులేంటని మనలో కొందరికి చిరాకు. రాత్రి పదకొండు తర్వాత నేను ఫ్రీగా కోడ్ రాశానంటే ఆ పూట గిన్నెలు ఇంకెవరో తోమారని అర్థం. మా ఇంట్లో ఎవరు తోమారో మిమ్మల్ని అడగమనను, నాకు తెలుసు.

ఇక నా తప్పొకటి చెప్పాలి. కొన్నేళ్ళ కింద ఒకమ్మాయి మొదటి పుల్ రిక్వెస్ట్ పంపింది, అంటే "నేను చేసిన ఈ మార్పు మీ కోడ్‌లో కలుపుకోండి" అనే విన్నపం. తేదీలు తప్పు చూపించే బగ్‌కు నాలుగు లైన్ల మార్పు. ఆఫీసులో ఏదో టెన్షన్‌లో ఉన్నాను. "ముందు డాక్యుమెంటేషన్ చదవండి" అని ఒక్క ముక్క రాసి క్లోజ్ చేశాను. ఆరు నెలల తర్వాత అదే బగ్ నాకు తగిలింది. ఆమె రాసిన నాలుగు లైన్లూ కరెక్టే. సారీ చెప్పి మెసేజ్ పెట్టాను, జవాబు రాలేదు. రావాలని ఎలా అనుకుంటాను?

మనలాంటివాళ్ళు కోడ్ దాచుకుని పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ మీద చేసిన ఒక పరిశోధన 2017లో అచ్చయింది. ఆడవాళ్ళ పుల్ రిక్వెస్టుల్లో 78.7 శాతం మెర్జ్ అయితే, అంటే కోడ్‌లో కలిస్తే, మగవాళ్ళవి 74.6 శాతం. కానీ ప్రాజెక్టుకు కొత్తవాళ్ళై, ప్రొఫైల్ చూడగానే ఆడవాళ్ళని తెలిసిపోతుంటే వాళ్ళ శాతం మగవాళ్ళకంటే కిందికి పోయింది. నేను ఆ రోజు పేరు చూసి క్లోజ్ చేశానా? లేదనే అనుకుంటున్నాను. ఒట్టేసి మాత్రం చెప్పలేను.

మార్చి 8కి గులాబీ రంగు పోస్టర్, ఈవెంట్‌లో రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర అమ్మాయిలు, యాంకరింగ్‌కు అమ్మాయిలు, కోడ్‌ను నేరుగా మార్చే హక్కు, అదే కమిట్ యాక్సెస్, ఉన్న లిస్టులో అందరూ అబ్బాయిలు. దీన్ని గురించి ఇంతకంటే మాట్లాడను.

మన తెలుగు అనువాదాల సంగతి చూడండి. ఇంగ్లిష్‌లో ఎవరు చేరినా ఒకటే వాక్యం. తెలుగులో క్రియ దగ్గరికి వచ్చేసరికి ఎవరో తేలిపోతుంది. మనం రాసిన యాప్‌లో "లక్ష్మి గ్రూపులో చేరాడు" అని ఏళ్ళ తరబడి కనిపించింది. "చేరింది" అని మారిస్తే రమేష్‌కు కుదరదు, పైగా ఆ క్రియ బస్సుకూ అదే, మనిషికీ అదే. అందరికీ సరిపోయేది "చేరారు". మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు రోజూ వాడే మాటే, అయినా మగవాళ్ళమే కూర్చుని రాసినన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు.

పోయిన వారం ఆ మార్పు నేనే చేశాను. ఉత్సాహంలో "చేరాడు", "చేరింది" రెంటినీ ఒక్క దెబ్బతో మార్చి పంపాను. ఇప్పుడు రివ్యూ చేసేది జమ్మికుంట అమ్మాయి. నిన్న రాత్రి కామెంట్ పెట్టింది: "అన్నా, 'మీ ఫైలు సర్వర్‌కు చేరారు' అని వస్తోంది. ఫైలుకు ఇంత మర్యాద అక్కర్లేదు." నేను పంపిన ఆ మార్పు ఇంకా ఓపెన్‌లోనే ఉంది. ఈ మీటింగ్ అవ్వగానే వెళ్ళి సరిచేయాలి.