‘ఎల్స్’ లేని స్క్రిప్టు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో ల్యాప్‌టాప్‌లు తెరిచి కూర్చున్న వీయూ కాల్‌సైన్ల హ్యామ్ రేడియో మిత్రులకు నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘ప్యాకెట్ రేడియో నోడ్లు: నిన్న, నేడు, రేపు’. నోడ్లంటే కంప్యూటర్ ఉత్తరాలను ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, రేడియో మీద ముందుకు దాటించే స్టేషన్లు. నిన్నటి గురించి రెండే ముక్కలు. ఆ ప్యాకెట్లు ఎలా నడవాలో చెప్పే ఏఎక్స్.25 నియమావళి రెండో రూపం 1984లో వచ్చింది. ఊరి నుంచి ఊరికి నోడ్ల మీదుగా దారి వెతుక్కునే నెట్‌రామ్ 1987లో వచ్చింది. ఇక రేపటి సంగతి రేపు చూసుకుందాం. ఇవాళ నాకు కావలసింది కనెక్ట్ స్క్రిప్టు, అంటే ఏ నోడు తర్వాత ఏ నోడును పిలవాలో మెయిల్ ప్రోగ్రాంకి రాసిచ్చే వరుసలు. ముఖ్యంగా అందులో ఎవరూ రాయని ఒక్క మాట.

జాన్ వైజ్‌మన్ గారి నోడు సాఫ్ట్‌వేర్ బీపీక్యూనే ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడ ఎక్కువమంది వాడేది అదే కదా. మీ ఇంటి నోడు, కొండ మీద ‘గుట్ట’ అనే నోడు, దానికవతల ‘రేవు’ అనే నోడు, ఆ రేవులో ఒక బీబీఎస్, అంటే ఉత్తరాల పెట్టె, ఉన్నాయనుకోండి. నోడు మారుపేరు అసలైతే ఇంగ్లీషు అక్షరాల్లో, ఆరుకు మించకుండా ఉండాలి. మన సౌకర్యం కోసం తెలుగులో అనుకుంటున్నాం. స్క్రిప్టు మూడు వరుసలు:

సి 2 గుట్ట
సి రేవు
బీబీఎస్

సి అంటే కనెక్ట్. మొదటి వరుసలో ఆ 2 ఏమిటి? పోర్టు నంబరు. రెండో పోర్టుకు తగిలించిన రేడియో మీద నేరుగా పిలవమని. దారి తెలిసిన నోడ్ల పట్టికలో లేని స్టేషన్‌ను నంబరు లేకుండా పిలిచారనుకోండి, ‘డౌన్‌లింక్ కనెక్ట్ నీడ్స్ పోర్ట్ నంబర్’ అని మీ నోడే మొహం మీద చెప్పేస్తుంది. రెండో వరుసలో నంబరు లేదు, ఎందుకంటే రేవుకి దారి గుట్ట దగ్గరున్న నోడ్ల పట్టిక చూసుకుంటుంది. మూడో వరుస మరిచిపోయారంటే చూడండి తమాషా. రేవు నోడు దాకా వెళ్లి, లోపలికి తలుపు తట్టకుండా అరుగు మీద కూర్చున్నట్టే. అటు నోడు మీ ఆజ్ఞ కోసం, ఇటు మీ మెయిల్ ప్రోగ్రాం బీబీఎస్ పలకరింపు కోసం కాచుకుంటాయి. కదలిక లేని లింకును తెంపే గడువు, ఐడిల్‌టైమ్, 900 సెకన్లు అని పెట్టుంటే పావుగంట ఆ మౌనవ్రతం.

ఈ వరుసలు గడియారం చూసి నడవవు. ఒక వరుస పంపాక ‘కనెక్టెడ్’ అన్న జవాబు వస్తేనే రెండోది కదులుతుంది. చదరపు బ్రాకెట్లలో బీబీఎస్ తన పేరు, తనకొచ్చిన విద్యలు చెప్పి, ‘>’ గుర్తు పంపాక ఉత్తరాలు మొదలు. దారిలో ఏ నోడైనా అదే గుర్తుతో ప్రాంప్టు ఇస్తే, బీబీఎస్ వచ్చేసిందని ప్రోగ్రాం పొరబడుతుంది. అక్కడ ‘స్కిప్‌ప్రాంప్ట్’ అనే వరుస కావాలి. నెమ్మది నోడైతే ‘పాజ్ 5’. అందుకే స్క్రిప్టు రాసేముందు టెర్మినల్ తెరిచి ఆ దారంతా చేత్తో టైపు చేసుకుంటూ వెళ్లాలి. వచ్చిన ప్రతి జవాబూ అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోవాలి. మనవాళ్లేం చేస్తారు? పక్క ఊరి స్టేషన్ స్క్రిప్టు తెచ్చి కాల్‌సైన్ మార్చి అతికిస్తారు. వాళ్ల రెండో పోర్టు వీహెచ్‌ఎఫ్ బ్యాండు, మీది హెచ్‌ఎఫ్ బ్యాండు. ఇంకేం కలుస్తుంది? పైగా తిట్లు యాంటెన్నాకి!

ఇప్పుడు అసలు బాధ. గుట్ట బాగానే ఉంది, రేవూ బాగానే ఉంది, ఆ రెండింటి మధ్య లింకు పోయింది. అయినా రేవు పేరు గుట్ట పట్టికలో బతికే ఉంటుంది. నోడ్ల ప్రకటన 15 నిమిషాలకొకటి, ప్రకటన వినపడకపోయినా పేరు ఎన్ని విడతలు ఉంచాలో చెప్పే ఆబ్స్‌ఇనిట్ 5 అనుకుంటే గంటంబావు దాకా చెరగదు. ఈలోగా మీ స్క్రిప్టు వెళ్లి అడుగుతుంది, గుట్ట దాన్ని నమ్మి పిలుస్తుంది. జవాబు కోసం ఆగే ఫ్రాక్ 7 సెకన్లు, ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పే రిట్రైస్ 10 అయితే ఒక్క లింకు ఓడిపోయానని ఒప్పుకోవడానికే 70 సెకన్లు. ఇదంతా అందరూ పంచుకునే ఒక్క ఫ్రీక్వెన్సీ మీదండీ! 1200 బాడ్‌లో 256 బైట్ల ప్యాకెట్ ఒక్కటి దాదాపు రెండు సెకన్లు తింటుంది. ఆ ఇరుకులో చచ్చిన లింకును పది నిమిషాలకోసారి లేపుతుంటే మిగతావాళ్లు ఎక్కడ మాట్లాడాలి?

దానికి మందు ‘ఎల్స్’. బిజీ, ఫెయిల్యూర్, సారీ, ఇన్‌వాలిడ్, ఇందాకటి డౌన్‌లింక్... ఇలాంటి మాట తిరిగొస్తే ప్రోగ్రాం ఆ ప్రయత్నం వదిలి ఎల్స్ కింది వరుసలకు దిగుతుంది. రేవుకి ఇంకో దారిలో ‘మెట్ట’ అనే నోడు ఉందనుకోండి:

సి 2 గుట్ట
సి రేవు
బీబీఎస్
ఎల్స్
సి 3 మెట్ట
సి రేవు
బీబీఎస్

గుర్తుంచుకోండి, ఎల్స్ తర్వాత కథ మళ్లీ మీ ఇంటి నుంచే మొదలు. గుట్ట దాకా వెళ్లాం కదా, అక్కణ్ణుంచి అందుకుందాం అంటే కుదరదు. మరో మాట. చేత్తో తిరిగేటప్పుడు ‘సి రేవు ఎస్’ అని చివర ఎస్ పెడతాం, అవతలివాడు తెంపినా మధ్య నోడులో నిలవడానికి. దాన్ని స్క్రిప్టులో మాత్రం రాయకండి. పనైపోయాక ఖాళీ లింకు వేలాడుతూ ఉంటుంది.

చేతులెత్తండి, ఎవరి స్క్రిప్టులో ఎల్స్ ఉంది? ...ముగ్గురు. ఇంత హాల్లో ముగ్గురు! 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు సెల్ టవర్ల గతి ఏమైందో ఈ కోస్తా మిత్రులకు నేను చెప్పాలా? అలాంటి రోజున మొదట పోయేది మీ మొదటి దారే.

డిజిపీటర్ల మీదుగా ‘వయా, వయా’ అని లాగేవాళ్లకూ ఒక లెక్క. డిజిపీటర్ తిప్పి పలుకుతుందే గానీ రసీదు ఇవ్వదు. ఒక్కో అంగలో నూటికి ఎనభై ప్యాకెట్లు దాటుతాయనుకుంటే, రెండు డిజిపీటర్లంటే మూడు అంగలు, దాటేవి 51. రసీదు కూడా అలాగే తిరిగి రావాలి కనుక చివరికి 26. అదే నోడ్ల మీదుగా అయితే పోయిన ప్యాకెట్‌ను ఏ అంగకా అంగలోనే మళ్లీ పంపుకుంటారు.

రెండు బీబీఎస్‌ల మధ్య పిలుపు ఒకరు చేస్తే చాలు, ఇద్దరూ చేయక్కర్లేదు. బీబీఎస్‌లు ఉత్తరాలు మార్చుకునే ఎఫ్‌బీబీ పద్ధతిలో ఒకే సెషన్‌లో రెండు వైపులా ఉత్తరాలు నడుస్తాయి, విడతకు ఐదు చొప్పున. ఇద్దరూ గంట కొట్టగానే పిలుచుకుంటే గాల్లోనే ఢీకొంటారు.

అయ్యో, అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. గడియారం అంటే గుర్తొచ్చింది. ఏ వేళకు ఏ దారో చెప్పే ‘టైమ్స్’ వరుసలో రాసేది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. రాత్రి పదింటికి దారి మార్చాలనుకుని 2200 రాస్తే అది మనకు తెల్లవారుజాము మూడున్నర. ఐదున్నర గంటలు తీసేసి 1630 రాయాలి. ఎల్స్ లేని మిత్రులు ల్యాప్‌టాప్‌లు మూయకండి, మైకు ఇక్కడ పెట్టేసి నేనే ఆ బల్ల దగ్గరికి వస్తున్నాను. 73, అంటే మన రేడియో భాషలో శుభాకాంక్షలు.