ముందు 20000, వెనక 12500: పవర్ బ్యాంక్ డబ్బా మీద ఏ అంకె నిజం?

(టేబుల్ మీద పవర్ బ్యాంక్, పక్కనే దాని డబ్బా)

నమస్తే అండీ. మన బెజవాడ బీసెంట్ రోడ్డులో సెల్ షాపుల ముందు కాసేపు నిలబడితే చాలు, ఈ గొడవ వినబడుతుంది. "ఇరవై వేలని రాశారు, నా ఫోన్ బ్యాటరీ ఐదు వేలు. నాలుగు సార్లు ఎక్కాలి కదా! మూడోసారి సగంలోనే అయిపోతోంది. ఇది డూప్లికేట్ మాలు." షాపు కుర్రాడు "అన్నీ అంతేనండీ" అంటాడు. దాంతో అనుమానం ఇంకా పెరుగుతుంది. ఇంకొంచెం జాగ్రత్త ఉన్నవాళ్లు డబ్బా తిప్పి చూస్తారు. వెనక చిన్న అక్షరాల్లో "రేటెడ్ కెపాసిటీ 12500 ఎంఏహెచ్" అని ఉంటుంది. ఎంఏహెచ్ అంటే మిల్లీ ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత. ఇక మోసం ఖాయమైపోయినట్టే! మంచి సరుకుకి ఒక్క స్టార్ ఇచ్చేస్తారు. ఇది చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఆ రెండు అంకెలూ నిజమే.

మనది కృష్ణా డెల్టా, ధాన్యం లెక్కలోనే చెబుతాను. మన దగ్గర బస్తా అంటే 75 కిలోలు. నాలుగు బస్తాల ధాన్యాన్ని క్వింటాళ్లలో చెప్పమంటే మూడు అంటాం. ఒక్క గింజ కూడా ఎక్కడా పోలేదు. క్వింటా పెద్దది కాబట్టి అంకె దిగింది, అంతే.

(స్క్రీన్ మీద: 20000 × 3.7 = 14800 × 5)

పవర్ బ్యాంక్‌లో జరిగేది కూడా ఇదే. లోపలున్న లిథియం సెల్ 3.7 వోల్టుల సెల్. ముందు రాసిన 20000 ఆ వోల్టేజీ దగ్గర లెక్క, అంటే బస్తాల లెక్క. మామూలు యూఎస్‌బీ నుంచి బయటికొచ్చేది 5 వోల్టులు. అది క్వింటాళ్ల లెక్క. అదే కరెంటుని 5 వోల్టుల దగ్గర కొలిస్తే 14800 వస్తుంది. నాలుగు మూడైనట్టే, ఇరవై వేలు పదిహేను వేల దగ్గరికి వచ్చింది. ఇందులో పోయిందేమీ లేదు. దయచేసి ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి.

మరి 14800 కాస్తా 12500 ఎందుకైంది? ఇది మాత్రం నిజంగా పోయినదే. ధాన్యం మిల్లుకి వేస్తే ఊక, తవుడు పోతాయి కదా. ప్రభుత్వ లెక్క ప్రకారమే క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం వస్తాయి. మిల్లు మనిషితో "నేను వంద కిలోలిచ్చాను, మిగతా ముప్ఫై మూడేవి?" అని ఎవరూ పోట్లాడరు. ఇక్కడ మిల్లు అంటే 3.7ని 5కి పెంచే సర్క్యూట్. చార్జింగ్ పెట్టినప్పుడు పవర్ బ్యాంక్ వెచ్చబడుతుంది చూడండి, ఆ వేడే ఊక. నూటికి పదిహేను దాకా అందులో పోతుంది. మిల్లుతో పోలిస్తే నయమే.

ఇప్పుడు ఫోన్ వైపు చూద్దాం. ఫోన్ బ్యాటరీ కూడా బస్తాల వాడే, దాదాపు 3.85 వోల్టులు. వచ్చిన 5 వోల్టుల్ని అది మళ్లీ దించుకోవాలి. అంటే ఇంకోసారి మిల్లు, ఇంకొంత ఊక. అందుకే కొలవాల్సింది వాట్ అవర్లలో. అది కిలోల్లాంటిది, బస్తా అన్నా క్వింటా అన్నా మారదు. ఎంఏహెచ్‌ని వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే అది వస్తుంది. పవర్ బ్యాంక్‌లో ఉన్నది 74 వాట్ అవర్లు. బయటికి వచ్చేది 62. 5000 ఎంఏహెచ్ ఫోన్‌కి కావాల్సింది 19. ఫోన్‌లో పోయే వేడి కూడా తీసేస్తే రెండున్నర నుంచి మూడు సార్లు నిండుతుంది. అలా నిండితే మీది ఒరిజినల్ సరుకే. చార్జ్ అవుతుండగా రీల్స్ చూస్తే ఇంకా తగ్గుతుంది. వైర్‌లెస్ చార్జింగ్‌లో అయితే ఊక చాలా ఎక్కువ.

నన్నడిగితే కంపెనీలు 20000కి బదులు ఈ వాట్ అవర్లనే పెద్ద అక్షరాల్లో వేయాలి. కొనేవాడికి పనికొచ్చే అంకెని భూతద్దం పెట్టి వెతుక్కునేలా అచ్చు వేయడం తప్పు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. నకిలీవి లేవని కాదు, ఉన్నాయి. చేత్తో పట్టుకుని చూడండి. 20000 ఎంఏహెచ్‌కి సెల్స్ బరువే దాదాపు 300 గ్రాములుంటుంది. అరచేతిలో తేలిగ్గా ఇమిడిపోయి "50000" అని రాసి ఉంటే కొనకండి. బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

గన్నవరంలో ఫ్లైట్ ఎక్కేవాళ్లు పవర్ బ్యాంక్‌ని చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు. 100 వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 27000 ఎంఏహెచ్ అంటే దాదాపు ఆ వందే, కాబట్టి 30000ది కొనేముందు ఆలోచించండి.

చివరిగా మన బెజవాడ ఎండ గురించి. లిథియం సెల్‌ని 45 డిగ్రీల వేడి దాటాక చార్జ్ చేయకూడదు. మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో పెట్టిన స్కూటర్ డిక్కీలో ఆ వేడి సులువుగా దాటుతుంది. డిక్కీలోంచి తీసిన పవర్ బ్యాంక్‌ని పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడు చార్జింగ్ పెట్టండి.