పేరు రాకముందు వేసిన బొమ్మలు

శ్రోతలకు నమస్కారం.

ఎంబీబీఎస్ చదవడానికి మన తెలుగు ఊళ్ల నుంచి ఫిలిప్పీన్స్ వెళ్లిన పిల్లలు చాలామందే ఉన్నారు. అందుకే మనీలా, దవావో అనే పేర్లు మనకు కొత్త కావు. ఆ దేశపు బొమ్మల గురించి మాత్రం మనం మాట్లాడుకున్నది తక్కువ. ఈరోజు ఆ బొమ్మల గురించే, అందులోనూ అక్కడి పెద్ద చిత్రకారులు పేరు రాకముందు వేసినవాటి గురించే చెబుతాను.

ఇలాంటి తొలినాటి బొమ్మలను గ్యాలరీలో వరసగా పెట్టినప్పుడు, చూసేవాళ్లు ముందు సంతకం చూస్తారు. తర్వాత, ఇంత గొప్పవాడవుతాడని అప్పుడే తెలిసిపోతోంది కదా అంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఆ బొమ్మ వేసిన రోజున ఆ కుర్రవాడికి తన భవిష్యత్తు తెలియదు. అప్పుడు అతను దేనితో బతుకుతున్నాడు, ఎవరి కోసం వేస్తున్నాడు అన్నది తెలిస్తే బొమ్మ ఎక్కువ మాట్లాడుతుంది.

ఫెర్నాండో అమోర్సోలో సంగతే తీసుకోండి. 1892లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి పిల్లలను తీసుకుని మనీలాలో తన బంధువు ఇంటికి చేరింది. ఆ బంధువు ఫాబియాన్ దె లా రోసా అప్పటికే పేరున్న చిత్రకారుడు. ఇంటి ఖర్చులకు సాయంగా అమోర్సోలో నీటిరంగులతో పోస్టుకార్డుల మీద బొమ్మలు వేసి ఒక్కొక్కటి పది సెంటావోలకు, అంటే అక్కడి చిల్లర నాణేలకు, అమ్మేవాడు. ఇరవై అయిదేళ్ల ప్రాయంలో, 1917లో, జిన్ అనే మద్యం సీసాకు లేబుల్ గీశాడు. క్రైస్తవుల దేవదూత సెయింట్ మైకేల్ కత్తి ఎత్తి సైతానును కాళ్ల కింద తొక్కుతున్న బొమ్మ అది. హినెబ్రా సాన్ మిగెల్ అనే ఆ జిన్ సీసాల మీద ఆ బొమ్మ ఈనాటికీ ఉంది. మ్యూజియం గడప తొక్కని కూలీ కూడా దాన్ని చూసే ఉంటాడు. నా దృష్టిలో ఆయన తొలినాటి పనుల్లో ముందుగా గోడకెక్కాల్సింది ఆ లేబులే.

ఆ రోజుల్లోనే ఎన్రికె జోబెల్ అనే సంపన్నుడు అమోర్సోలోను చదువుకోమని తన ఖర్చుతో స్పెయిన్ పంపాడు. తిరిగొచ్చాక 1922లో వేసిన వరినాట్ల బొమ్మతో ఆయన పేరు దేశమంతా పాకింది. నీళ్లు నిండిన మడి, వంగి నాట్లు వేసే మనుషులు, వెనక నుంచి పడే ఎండ. మన గోదావరి జిల్లాల వాళ్లు చూస్తే మా చేలే అనుకుంటారు. క్యాలెండర్ల మీద, పర్యాటకుల కోసం అచ్చువేసిన పోస్టర్ల మీద ఆ బొమ్మే. ఫిలిప్పీన్స్ అంటే ఇలాగే ఉంటుందని ఆ దేశం వాళ్లే నమ్మేంతగా అల్లుకుపోయింది.

ఆ ఎండకు కళ్లు అలవాటుపడిన మనీలాలో 1928లో విక్టోరియో ఎడాడెస్ తన బొమ్మలు పెట్టాడు. అమెరికాలోని సియాటిల్‌లో చదువుకుని, చదువు ఖర్చుల కోసం అలాస్కాలో చేపలను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో, అంటే క్యానరీల్లో, కూలి చేసి వచ్చిన మనిషి. ఆ ప్రదర్శనలోని పెద్ద బొమ్మలో రాళ్లు మోసే కూలీలున్నారు. మట్టి రంగు ఒళ్లు, మెలితిరిగిన కండరాలు, ఎక్కడా ఎండ మెరుపు లేదు. జనం మొహం తిప్పుకున్నారు. ఒక్క బొమ్మ కూడా అమ్ముడుపోలేదు. క్యానరీలో చేతులు కాయలు కాసినవాడు కూలిపనిని అందంగా చూపించలేకపోయాడని నేను అనుకుంటాను, అందుకే ఆ బొమ్మ అంటే నాకు అంత గౌరవం. ఇవాళ ఫిలిప్పీన్స్ ఆధునిక చిత్రకళ చరిత్రను ఆ ఏడాది నుంచే మొదలుపెడతారు. 1976లో ఆయనకు జాతీయ కళాకారుడి గౌరవం దక్కింది. చివరి రోజులు గడిపింది దవావోలోనే.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందునాటి బొమ్మలు ఇలాంటి ప్రదర్శనల్లో తక్కువగా కనిపించడానికి ఒక బాధాకరమైన కారణం ఉంది. 1945 ఫిబ్రవరిలో, జపాన్ సైన్యానికీ అమెరికా సైన్యానికీ మధ్య నెల రోజులపాటు మనీలా వీధుల్లోనే యుద్ధం జరిగింది. లక్షమంది వరకు పౌరులు చనిపోయారు. ఇళ్లతో పాటు, స్టూడియోలతో పాటు బొమ్మలూ కాలిపోయాయి. అంతటి చావుల ముందు బొమ్మలు ఎంత అనిపించవచ్చు. కానీ కొందరు కళాకారుల తొలి అడుగులు మనకు ఎప్పటికీ కనిపించకుండా పోయింది అందువల్లనే.

యుద్ధం తర్వాతి తరానికి మరో ఆసరా దొరికింది. స్పెయిన్‌కు అమోర్సోలోను పంపిన ఎన్రికె గారి కొడుకు ఫెర్నాండో జోబెల్ తానే చిత్రకారుడు. ఇంజక్షన్ సిరంజిలో రంగు నింపి, కాన్వాస్ మీద సన్నని గీతలు గీసిన మనిషి. కొనేవాళ్లు అంతంతమాత్రంగా ఉన్న 1950లలో సాటి కళాకారుల బొమ్మలు కొని దాచాడు. ఆ బొమ్మలన్నీ అటెనియో విశ్వవిద్యాలయానికి ఇచ్చేస్తే, 1960లో అటెనియో ఆర్ట్ గ్యాలరీ మొదలైంది. అక్కడ హోసె హోయా 1958లో, ఇరవై ఏడేళ్ల వయసులో వేసిన బొమ్మ ఒకటుంది. రంగులో ఇసుక కలిపి, మందంగా పూసి, బలంగా లాగాడు. ఆకారాలేమీ ఉండవు. ఆయన జాతీయ కళాకారుడైంది 2003లో, చనిపోయిన ఎనిమిదేళ్లకు.

బెన్‌క్యాబ్ అని అందరూ పిలిచే బెనెడిక్టో కాబ్రేరా దారి వేరు. చదువు మధ్యలో ఆపేసి, లివాయ్‌వాయ్ అనే వారపత్రికలో కథలకు బొమ్మలు వేసేవాడు. 1965 ప్రాంతంలో తన ఇంటి కిటికీలోంచి, ప్లాస్టిక్ షీట్లు చుట్టుకుని చెత్త ఏరుకునే ఒక ఆమెను చూసి గీశాడు. ఆమె పేరు సబెల్. అమోర్సోలో పోస్టుకార్డులు వదిలేశాడు, జోబెల్ మనుషుల బొమ్మలే వదిలేశాడు. బెన్‌క్యాబ్ మాత్రం సబెల్‌ను అరవై ఏళ్లుగా వదల్లేదు. ముందు నిజమైన మనిషి, తర్వాత తర్వాత ఉత్త గుడ్డ మడతలు, కదలిక. ఆ తొలి స్కెచ్చుల్లో ఆకలి ఉంది. తర్వాతి బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, నా ఓటు ఆ స్కెచ్చులకే.

మీ పిల్లలు మనీలాలో చదువుతుంటే, లేదా మీరే వాళ్లను చూడటానికి వెళ్తే, రిజాల్ పార్కు పక్కనున్న జాతీయ లలితకళా మ్యూజియానికి టికెట్ కూడా లేదు. అటెనియో గ్యాలరీ కెజోన్ సిటీలో, విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఉంది. బెన్‌క్యాబ్ సొంత మ్యూజియం బాగియో కొండల దగ్గర ఉంది, అక్కడికి వెళ్లిరావాలంటే రెండు రోజులు పెట్టుకోండి. ఎక్కడికెళ్లినా బొమ్మ పక్కన చీటీ మీద ముందు ఏడాది చదవండి. అందులోంచి పుట్టిన ఏడాది తీసేసి, అప్పటికి వయసెంతో లెక్కేసుకుని, ఆ తర్వాత బొమ్మ చూడండి.

నమస్కారం.